కాళ్ళు వెచ్చబడేదాకా

శంఖవీడు రాజ్యపు ఉత్తర సరిహద్దులో, ఎర్రరాతి గుట్ట నెత్తిన, పావురాల బురుజు ఉంది. అడుగున పది ఏనుగులు పడుకోగలంత వెడల్పుగా మొదలై, పైకి పోనుపోను సన్నబడి, కొసకు వచ్చేసరికి మొగలిపొత్తులా ముడుచుకున్న కట్టడం అది. గోడ చుట్టూ మూడువందల అరవై గూళ్ళు. ఒక్కో గూటి ముందు అరచేతి వెడల్పున రాతి అరుగు. తెల్లవారేసరికి ఆ అరుగుల మీద పావురాలు వరుసలు తీరి, గొంతులు పొంగించి కువకువలాడుతుంటే బురుజుకే ప్రాణం వచ్చి ఊపిరి తీస్తున్నట్టు ఉండేది. వాటి కంటిపాపల చుట్టూ వెండితీగ చుట్టినట్టు తెల్లని వలయం ఉంటుంది. అందుకే మంచుకంటి పావురాలని వాటికి పేరు. పక్కనున్న మనిషి కనబడని పొగమంచులో కూడా వాటికి దారి తెలుస్తుంది.

ఆ ఉదయం బురుజు మీద ఒక్క గొంతూ పలకలేదు.

యువరాజు అరిందముడు గుర్రం దిగి గుమ్మంలో అడుగుపెట్టగానే చెప్పు కింద ఏదో మెత్తగా నలిగింది. వంగి చూస్తే మెడ మెలితిరిగిన తెల్ల పావురం. దాని పక్కన ఇంకొకటి. మెట్టు మెట్టుకూ కుప్పలే. ఊడిన ఈకలు గాలికి లేచి అతని మోకాళ్ళకు చుట్టుకున్నాయి. పై అంతస్తు నుంచి రెక్కలు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఎముక విరిగిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

అతను ఆలస్యంగా వచ్చాడు. ఎనిమిది రోజుల క్రితం ధూమకంఠుడనే మాంత్రికుడు అతని తండ్రిని, శంఖవీడు మహారాజును, నిండుసభలోంచి ఎత్తుకుపోయి నల్లకోటలో బంధించాడు. కోట చుట్టూ రెండు బాణాలు పోయేంత వెడల్పున పొగను కందకంలా పోశాడు. అందులో దిగిన సైన్యంలో ఒక్కడూ తిరిగి రాలేదు. ఈరోజు సూర్యుడు అస్తమించగానే మహారాజును హోమగుండంలోకి తోస్తానని ఊరూరా చాటింపు వేయించాడు. మంచుకంటి పావురం తోడుంటే తప్ప ఆ పొగ దాటే ఉపాయం లేదు. ఆ సంగతి యువరాజుకు నిన్న తెలిసింది. మాంత్రికుడికి అంతకు ముందే తెలుసు.

రెండో మలుపులో గోనెసంచీ భుజాన వేసుకుని దిగుతున్న కిరాతకుడు అతనికి ఎదురుపడ్డాడు. వాడి వేళ్ళకు ఇనుపగోళ్ళు తొడిగి ఉన్నాయి. వాడు నోరు తెరిచేలోగా కత్తి గొంతులో దిగింది. సంచీ జారి మెట్ల మీద పావురాలు దొర్లాయి. వెనకున్నవాడు శూలం విసిరాడు. అరిందముడు పక్కకు ఒరిగి, ఆ శూలాన్నే అందుకుని వాడి పొట్టలో గుచ్చి గోడకు నొక్కిపట్టాడు. మూడోవాడు గవాక్షంలోంచి దూకి గుట్ట కింద రాళ్ళ మీద పడ్డాడు. ఆ పై మెట్టు మీద పావురాల కాపరి మల్లన పడి ఉన్నాడు. ముసలి చేతిలో వెదురుగెడ అలాగే ఉంది. ఆ గెడతోనే ఇద్దరిని చంపి చచ్చిపోయాడు.

పైన చివరివాడు ఒక అమ్మాయి జుట్టు పట్టుకుని లేపుతున్నాడు. ఆమె బోర్లాపడి, మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని, రాయిలా బిగుసుకుపోయి ఉంది. వీపు మీద ఇనుపగోళ్ళ చారలు నాలుగు, రక్తం కారుతున్నాయి. అయినా నోటివెంట కేక రాలేదు. అరిందముడి కత్తికి వాడి చెయ్యి ముందు తెగింది, తర్వాత తల.

ఆమె మెల్లిగా లేచి కూర్చుంది. పొట్ట కింద దాచిన గుడ్డమూట విప్పింది. లోపల రెండు పావురం పిల్లలున్నాయి. పదకొండు రోజుల పిల్లలు. ఒళ్ళంతా నల్లని ముళ్ళు మొలిచినట్టు ఈకల మొలకలు, వాటి కొసల్లో పసుపుపచ్చని నూగు. ముఖానికి మించిన ముక్కు. మెడలు నిలపలేక ఒకదాని మీద ఒకటి వాలిపోయి వణుకుతున్నాయి.

ఎగరలేని ఈ పిల్లలు ఏం దారి చూపుతాయని అరిందముడు అడిగాడు. ఎగరనక్కరలేదని ఆమె చెప్పింది. కళ్ళు తెరిచి ఉంటే చాలు, నేల గట్టిగా ఉన్న వైపుకు వాటంతట అవే తల తిప్పుతాయి. ఆమె పేరు సూరమ, మల్లన కూతురు. మెట్లు దిగి, తండ్రి కళ్ళు మూసి, అతని నడుముకు వేలాడుతున్న నానబెట్టిన జొన్నల సంచీని విప్పి తన నడుముకు కట్టుకుంది. ఒక్క క్షణం అతని పాదాలు పట్టుకుంది. అంతకు మించి ఏడవడానికి వ్యవధి లేదు. గుట్ట కింద గుర్రాల డెక్కల చప్పుడు వినిపిస్తోంది.

ఇద్దరూ ఒకే గుర్రం ఎక్కి తూర్పు వాలున దౌడు తీశారు. వెనక పదిమంది రౌతులు. వాళ్ళ ముంజేతుల మీంచి డేగలు లేచాయి. మొదటి డేగ సూరమ ఒడిలోని మూట మీదికే దూకింది. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, రెక్క విరిచి, దారిలో పారేసింది. రెండోది యువరాజు నుదురు చీల్చింది. రక్తం కళ్ళలోకి కారుతుండగా అతను గుర్రాన్ని వెదురేటిలోకి దించాడు. నడి ఏట్లో బాణం గుర్రం మెడలో నాటుకుంది. గుర్రం ఒక్కసారి ముందుకాళ్ళు ఎత్తి, వాళ్ళిద్దరినీ నీళ్ళలో విసిరి, తానూ మునిగిపోయింది.

మూటను నెత్తి మీద పెట్టుకుని ఈదినా నీళ్ళు లోపలికి దిగనే దిగాయి. అవతలి గట్టు చేరేసరికి ఇద్దరు రౌతులు వాళ్ళ వెనకే ఏరు దాటారు. అరిందముడు గట్టు మీద కాచుకుని ఉండి, మొదటివాణ్ణి కాలు పట్టి లాగి, ముఖం ఇసుకలో నొక్కి, వాడు కొట్టుకోవడం మానేదాకా వదల్లేదు. రెండోవాడు ఆ సంగతి చూసి గుర్రాన్ని తిప్పబోయాడు. యువరాజు వాడి వీపులోకి కత్తి విసిరాడు. మిగిలినవాళ్ళు వెనక గట్టునే ఆగిపోయారు, రౌతులు పడ్డ గుర్రాలు బెదిరి అడవిలోకి పరుగెత్తాయి.

సూరమ పిల్లల్ని తుడిచి, తన పైట చెరగు పిండి వాటికి చుట్టింది. కాళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయని, ఎండుగడ్డి తెస్తానని, అందాకా గుండెకు ఆనించి పట్టుకొమ్మని చెప్పి యువరాజు చేతుల్లో పెట్టింది. జొన్నల సంచీ బరువుగా నానిపోయి ఉంటే విప్పి అక్కడే రాతి మీద ఆరేసి పోయింది.

ఆమె అటు వెళ్ళగానే ఒక పిల్ల కీచుమంది. అతని వేళ్ళ సందున ముక్కు దూర్చి తోసింది, ఇంకా తోసింది. అంత చిన్న ప్రాణి అంత ఆకలిగా వెతుక్కోవడం చూసి అరిందముడికి గుండె కరిగింది. దాని ప్రాణం మీదే తన తండ్రి ప్రాణం ఉందని కూడా గుర్తొచ్చింది. నాలుగు గింజలు తీసి వేళ్ళ సందున పట్టాడు. మింగింది. ఇంకో నాలుగు. రెండోదానికి కూడా పెట్టబోయేలోగా సూరమ వచ్చింది.

ఆమె గడ్డి కింద పారేసి ఆ పిల్లను లాక్కుంది. మెడ కింద గింజలు నిలవుండే సంచిని వేలితో తడిమింది. నీళ్ళు పట్టింది, పొట్ట నిమిరింది, నోటితో వెచ్చని ఊపిరి ఊదింది. నాలుగు గడియలు నడిచారు. నడుస్తున్నంతసేపూ ఊదుతూనే ఉంది. మెడ కింది సంచి గోలీలా గట్టిపడి, పిల్ల నోటివెంట పులిసిన నీళ్ళు కారాయి. తల వెనక్కి వాల్చి ఒకసారి కాళ్ళు చాపింది. అంతే.

"చల్లబడ్డ ఒంట్లో గింజ కదలదు దొరా," అంది సూరమ. "అక్కడే పులిసి రాయవుతుంది. ఆకలికంటే ముందు చలి తీర్చాలి. కాళ్ళు పెదవికి ఆనించి చూడాలి. వెచ్చగా తగిలాకే మేత."

అతను తన పెదవి తాకించి చూశాడు. చచ్చిన పిల్ల కాళ్ళు ఏటినీళ్ళంత చల్లగా ఉన్నాయి. అడవిలో కత్తిమొనతో చిన్న గొయ్యి తవ్వి దాన్ని తానే పాతిపెట్టాడు.

మధ్యాహ్నానికి కుమ్మరివాడ చేరారు. మాంత్రికుడి భయానికి జనమంతా పారిపోయారు. కుండలు కాలుతున్న ఆవాన్ని మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేరు కదా. దాని నోట్లో ఇంకా ఎర్రని నిప్పు ఉంది. సూరమ కొత్త కుండలో గోరువెచ్చని బూడిద పోసి, పైన గుడ్డ పరిచి, ఉన్న ఒక్క పిల్లను అందులో పడుకోబెట్టింది. అది ముక్కు గుడ్డలో దూర్చి నిద్రపోయింది. వణుకు తగ్గింది.

అప్పుడు వీధి మలుపులోంచి ఒక మనిషి ఏడుస్తూ వచ్చాడు. సూరమ చిన్నాన్న బొల్లన. పది క్రోసుల దూరంలో ఉన్న చిన్న బురుజు అతని కాపలాలో ఉండేది. అక్కడా ఇదే ఊచకోత జరిగిందట. అన్నగారి శవాన్ని చూసి, అడుగుజాడలు పట్టుకుని వచ్చాడట. సూరమను దగ్గరకు తీసుకుని నెత్తి నిమిరాడు. వీపు మీది గాయాలు చూసి పళ్ళు కొరికాడు. ఎడమ కాలు కొద్దిగా ఈడ్చే నడక, చెవికి ఉన్న రాగి పోగు, అన్నీ బొల్లనవే. యువరాజుకు దండం పెట్టి, మహారాజు ఉప్పు తిన్న కుటుంబం తమదని, ఈ ఒక్క పిల్లను బతికించడం తన వంతని చెప్పాడు. ఆల్చిప్పలో మేకపాలు తెచ్చాడు. అరిందముడు తృప్తిగా గోడకు ఆనుకుని నుదుటి గాయం కట్టుకున్నాడు.

బొల్లన కుండలో చెయ్యి పెట్టి పిల్లను తీశాడు. బొటనవేలితో దాని ముక్కు తెరిచాడు. ఆల్చిప్ప వంచబోయాడు.

"దొరా," అంది సూరమ, గొంతు పెంచకుండా. "కత్తి తీయండి."

అంటూనే పారతో ఆవంలోని నిప్పుబూడిద తోడి అతని ముఖాన కొట్టింది. పావురాలవాళ్ళ ఇంట పుట్టినవాడెవడూ పిల్ల ముక్కు తెరవడు. పావురం పిల్ల పిచ్చుక పిల్లలా నోరు తెరుచుకుని అడగదు, తల్లి నోట్లో తానే ముక్కు దూర్చి తీసుకుంటుంది. అందుకే కాపరులు గింజ నమిలి పెదవుల మధ్య పట్టి ఉంచుతారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బొల్లన చేసే పని అది. పైగా ఇతను పిల్ల కాళ్ళు పెదవికి ఆనించుకోలేదు.

వాడు రెండు చేతులతో కళ్ళు పట్టుకుని ఏనుగులా ఘీంకరించాడు. పిల్ల జారిపోయింది. సూరమ నేలకు దూకి ఒడి పట్టింది. ఒలికిన పాలు పడ్డ చోట గడ్డి నల్లబడి పొగలొచ్చింది. బొల్లన ముఖం మైనంలా కరిగి కారిపోగా, దాని కింద ధూమకంఠుడి ముఖ్య శిష్యుడు కరాళుడి పచ్చబొట్ల ముఖం బయటపడింది. యువరాజు కత్తికి ఎదురు నిలవలేనని తెలిసి, పిల్ల తనంతట తానే చచ్చినట్టు చేసి జారుకోవాలనుకున్నాడు.

"మా చిన్నాన్న ఏడీ?" అని అడిగింది సూరమ.

"వాడి తోలే కదా తల్లీ ఇందాకటిదాకా నిన్ను ముద్దుచేసింది," అన్నాడు కరాళుడు.

ఆ మాట పూర్తవుతుండగానే వాడి పది గోళ్ళు కొడవళ్ళంత పెరిగాయి. గుడ్డివాడై కూడా చప్పుడును బట్టి అరిందముడి మీదికి దూకాడు. మొదటి దెబ్బకు యువరాజు ఎడమ భుజం ఎముక కనబడేలా చీలింది. రెండో దెబ్బకు గోడ కూలింది. అరిందముడు కుండల వరుసల మధ్య వెనక్కి వెనక్కి తగ్గుతూ, ఒక్కో కుండా కాలితో తన్నుతూ, ఆ చప్పుళ్ళతోనే వాడిని ఆవం దాకా నడిపించాడు. చివరి కుండను ఆవం నోట్లోకి విసిరాడు. కరాళుడు ఆ చప్పుడు మీదికి దూకాడు. నడుము దాకా లోపలికి పోగానే యువరాజు వాడి రెండు మోకాళ్ళ వెనక నరాలు తెగనరికాడు. సూరమ తన తండ్రి వెదురుగెడ అంత పొడవున్న దుంగ తీసుకుని, ఆవం కప్పును నిలబెట్టిన ఇటుకను తోసేసింది. మట్టికప్పు మొత్తం వాడి మీద కూలింది. చాలాసేపు లోపలినుంచి అరుపులు వినిపించాయి. ఆమె అవి ఆగేదాకా నిలబడి విన్నది. తర్వాత వంగి, ఒడిలోని పిల్ల కాళ్ళు పెదవికి ఆనించి చూసింది. వెచ్చగా ఉన్నాయి. నాలుగు జొన్నలు నమిలి పెట్టింది.

పొద్దు రెండు తాటిచెట్ల ఎత్తున ఉండగా పొగకందకం అంచుకు చేరారు.

నేలనుంచి ఆకాశం దాకా లేచిన గోడ అది. బూడిదరంగు మీద నీలం, నీలం మీద నలుపు, పాము కుబుసాల్లా పొరలు పొరలుగా కదులుతోంది. పడమటి ఎండ దాని మీద పడి, లోపలికి పోలేక, అంచునే రాగి నీళ్ళలా కారిపోతోంది. ఆ పొగలో చెయ్యి పెట్టి సూరమ వెంటనే లాక్కుంది. దానికి వేడి లేదు. మార్గశిర మాసపు తెల్లవారుజామున చెరువునీళ్ళంత చల్లగా ఉంది.

ఈ చలికి పిల్ల పావు గడియ కూడా నిలవదని ఆమె చెప్పింది. బూడిద పోసిన కుండ ఆ పోరులోనే పగిలిపోయింది, తానేమో ఎదురుగా ఉండి దాని తల చూడాలి. అరిందముడు కవచం తాళ్ళు తెంపాడు. ఇనుప కవచం రాళ్ళ మీద మోగుతూ పడింది. లోపలి అంగీ చింపి, పిల్లను తన ఉత్త రొమ్ముకు ఆనించి నడికట్టుతో బిగించాడు. దాని తల మాత్రం గొంతుగుంట దగ్గర బయటికి ఉంది. భుజంనుంచి కారుతున్న రక్తం దాని పక్కనుంచే వెచ్చగా జారుతోంది.

సూరమ అతని ముందు వెనక్కి తిరిగి నడిచింది, పిల్ల తల చూస్తూ. అది కుడికి తిప్పితే కుడికి. ఎడమకు తిప్పితే ఎడమకు. అడుగు పక్కన పడ్డ చోటల్లా నేల జారి, ఎక్కడో లోతున రాళ్ళు పడ్డ చప్పుడు వస్తోంది.

నూరు అడుగులు పోయాక పొగబంట్లు వచ్చారు. ఈ కందకంలో దారి తప్పిన సైనికులు వాళ్ళు. కళ్ళు తెల్లబడి, మాట పోయి, మాంత్రికుడికి బానిసలయ్యారు. కొందరి తలపాగాల మీద ఇంకా శంఖవీడు ముద్ర ఉంది. అరిందముడు కొందరిని పేరుపెట్టి పిలిచాడు. వాళ్ళు పలకలేదు. ఈటెలు ఎత్తారు. అతను నరికితే వాళ్ళ ఒంట్లోంచి రక్తానికి బదులు బూడిద రాలింది. ఒకడు పడితే ఇద్దరు వచ్చారు. కవచం లేని ఒంటికి తొడ మీద ఒకటి, పక్కటెముకల మీద ఒకటి పోట్లు తగిలాయి.

పిల్ల తల వాలిపోయింది.

దూరాన, సూటిగా ముందు, పొగ వెనక హోమాగ్ని వెలుగు ఎర్రగా కనిపిస్తోంది. అంటే కోట దగ్గరలోనే ఉంది. ఆమె గబగబా జొన్నలు నోట్లో వేసుకుని నమిలి, వంగి, పిల్ల ముక్కు దగ్గర పెదవులు పెట్టబోయింది.

"ముందు కాళ్ళు చూడు," అన్నాడు అరిందముడు.

ఆమె ఆగింది. కట్టు కిందికి వేలు పోనిచ్చి, కాళ్ళు బయటికి తీసి పెదవికి ఆనించుకుంది. చల్లగా ఉన్నాయి.

ఇక నడవడానికి లేదు. నిలబడ్డ చోటే నిలబడాలి. పిల్లను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, ఆ చేతుల్ని అతని రొమ్ముకు నొక్కి, వేళ్ళ సందులోంచి మెల్లగా ఊపిరి ఊదడం మొదలుపెట్టింది. అతను ఆమె నెత్తి మీదుగా, భుజాల పక్కనుంచి, ఒక్క చేత్తో కత్తి తిప్పాడు. రెండంగుళాలు పక్కకు జరిగితే పాతాళం. ఒక ఈటె అతని చెవి తెంచుకుపోయింది. ఒకడు సూరమ జడ పట్టుకుంటే జడతో సహా వాడి చెయ్యి నరికాడు. బూడిద ఆమె భుజాల మీద వానలా కురిసింది. ఆమె తల ఎత్తలేదు. ఊదుతోంది, పెదవికి ఆనించుకుంటోంది, మళ్ళీ ఊదుతోంది.

ఎదురుగా వచ్చినవాణ్ణి కూల్చి, అతను కత్తిని నేలలో గుచ్చి దాని మీద ఆని నిలబడ్డాడు.

"వెచ్చబడ్డాయి," అంది సూరమ.

నమిలిన గింజను పెదవుల మధ్య పట్టింది. పిల్ల తల ఊగింది. వెతికింది. ముక్కు ఆమె పెదవుల్లోకి దూర్చి ఒకసారి తోసింది, రెండోసారి ఇంకా గట్టిగా తోసింది. గొంతు కదిలింది. మెడ కింద సంచి శనగగింజంత ఉబ్బి, మెత్తగా జారింది. రెప్పలు విడిపోయి, కంటిపాప చుట్టూ వెండి వలయం మెరిసింది.

అప్పుడది తల తిప్పింది. ఎర్రని వెలుగు వైపు కాదు. ఆ వెలుగుకు వీపు పెట్టి, పొగబంట్లు గోడలా చిక్కగా నిలబడ్డ వైపుకు మెడ సాచి, అక్కడే చూపు నిలిపింది. సూరమ దాన్ని చేతిలో గుండ్రంగా తిప్పి చూసింది. ఎటు తిప్పినా మళ్ళీ అటే తిరిగింది.

ముందు కనిపించే వెలుగు కోటది కాదని, మాంత్రికుడు పెట్టిన ఎర అని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఇంకో పది అడుగులు అటు వేసి ఉంటే ఏమయ్యేదో కూడా తెలిసింది.

అరిందముడు నేలలోంచి కత్తి పెరికి, దానికి అంటిన బూడిదను తొడకు తుడుచుకున్నాడు. పిల్లను మళ్ళీ రొమ్ముకు కట్టించుకున్నాడు. తన మొలనుంచి పిడిబాకు తీసి సూరమకు ఇచ్చాడు. ఆమె ఈసారి వెనక్కి తిరగలేదు, అతని పక్కనే నిలబడింది.

చిక్కని ఆ ఈటెల గుంపు వెనకనుంచి, పిల్ల చూస్తున్న వైపునుంచే, హోమానికి ముందు మోగే బలిడప్పు మొదటి దెబ్బ వినిపించింది. ఇద్దరూ ఆ చప్పుడు మీదికే నడిచారు.